ఫోనుకు కొత్తలు చేసిన ఊరు

“సగం చేసినదాన్ని తీస్కపోయి ఊరోళ్ల చేతిల పెడ్తమా సార్? జవాబు వచ్చే ముక్క మనం ఇంకా చెయ్యనే లేదు.”

“అందుకే పెట్టాలి సరితా. పెడితేనే కదా వాళ్లు ఎలా వాడతారో తెలిసేది? అంతా పూర్తి చేసి చూపించడం పాత పద్ధతి.”

“జరమొచ్చినోళ్లు జవాబు కోసం చూసుకుంట కూసుంటే?”

“రెండు వారాలే కదా. తర్వాతి స్ప్రింట్‌లో అది కూడా వచ్చేస్తుంది.”

“జరం రెండు వారాలు ఆగుతదా సార్?”

ఈ జగడం జరిగింది ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో, నేను చేసిన ఉప్మా ముందు. సరిత నా కొడుకు కూతురు. హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఎదురుగా కూర్చున్న కిరణ్ అనే అబ్బాయి దాని పైవాడు. ఇద్దరూ పొద్దున్నే జీపులో దిగారు. భద్రాచలం అవతల ఒక అడవి గూడేనికి పోతూ మా ఇంట్లో టిఫిను కోసం ఆగారు. మాటల్లో పడి ఉప్మా చల్లార్చుకుంటున్నారు. “జగడం జీపుల పెట్టుకోండి. ముందు పళ్లెం ఖాళీ చెయ్యండి,” అన్నాను. ఇద్దరూ నోరు మూసుకుని తిన్నారు.

నేను చదివింది మూడో తరగతి దాకే. అయినా వాళ్లు చేసే పనేమిటో అడిగి తెలుసుకున్నాను. అడవి ఊళ్లలో ఎవరికైనా జ్వరం వస్తే, ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త వేలు పొడిచి నెత్తురు చుక్కను గాజుపలక మీద పూస్తుంది. ఆ పలకను, వారానికోసారి వచ్చే మనిషి మండల దవాఖానాలోని ల్యాబ్‌కు తీసుకుపోవాలి. అక్కడ చిన్నవి పెద్దగా చూపించే అద్దంలో చూసి మలేరియా ఉందో లేదో చెప్తారు. పలక పోవడానికీ కబురు రావడానికీ కలిపి వారం పడుతుంది. ఆ వారాన్ని తగ్గించాలని వీళ్లు ఫోను మీద నడిచే ఒక ఏర్పాటు చేస్తున్నారు. కార్యకర్త ఫోనులో మెసేజ్ కొట్టాలి, ల్యాబ్ నుంచి ఫోనులోనే జవాబు రావాలి. ఇందులో పోయే ముక్క అయింది, వచ్చే ముక్క కాలేదు.

ముక్కలు ముక్కలుగా చేసే ఈ పద్ధతిని ఎజైల్ అంటారట. ఒక్కో ముక్కకు పెట్టుకునే రెండు వారాల గడువు స్ప్రింట్ అట. కిరణ్ నాకు ఓపికగానే చెప్పాడు. “అమ్మమ్మగారూ, రెండేళ్లు కూర్చుని అంతా కట్టి తీసుకెళ్తే, వాడేవాళ్లు ఇది మాకొద్దు అంటారు. అందుకని చిన్న ముక్క కట్టి చూపిస్తాం, వాళ్లు చెప్పింది విని మారుస్తాం, మళ్లీ చూపిస్తాం.”

అది తెలివితక్కువ మాటేం కాదు. మా వీధి దర్జీ కూడా రవికకు కచ్చాకుట్టు వేసి ఒకసారి తొడిగించి చూస్తాడు. అయితే కచ్చాకుట్టు రవికతో ఎవరినీ పెండ్లికి పంపడు. ఆ మాటే అంటే అబ్బాయి నవ్వి, జేబులోంచి పసుపురంగు చిన్న కాగితం తీసి రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో నాకు తెలియదు.

నేను బయలుదేరిన కారణం వేరే. ఆడపిల్ల ఒక్కతే మగవాళ్లతో అడవికి పోవడం కోడలికి నచ్చలేదు. తనకేమో బడిలో సెలవు దొరకలేదు. “నాయనమ్మా, నువ్వొస్తే ఆఫీసుల నవ్వుతరు,” అంది సరిత. “నవ్వనీ. నవ్వుకు పైసలు గావు గదా,” అని సంచి సర్దుకున్నాను. శేరు బియ్యం, మామిడి పచ్చడి, చింతపండు, కాచిన నీళ్ల సీసా. లాడ్జిల దగ్గర పప్పునీళ్లకు వాళ్లు అడిగే డబ్బు తలుచుకుంటేనే నాకు కడుపు నిండుతుంది.

కొత్తగూడెం మీదుగా

జీపు నడిపేవాడు యాకూబ్. కొత్తగూడెం మనిషి. వాళ్ల తాతలనాటి నుంచి అక్కడ బండ్ల బాగుచేత పని. మాటకారి. జూలూరుపాడు దాటినప్పటి నుంచి నాకు దారి పొడవునా ఊర్ల పేర్లు చెప్తూనే ఉన్నాడు. మా పుట్టిల్లు చండ్రుగొండ పక్కనే, ఆ ఊర్లు నాకు తెలుసు అన్నా వినడు.

కొత్తగూడెంలో టీకి ఆపాడు. టీ మూడు రూపాయలు. ఖమ్మంలో రెండున్నరే. “గనుల ఊరు పెద్దమ్మా, ఈడ పైసలకు నలుపెక్కువ, విలువ తక్కువ,” అన్నాడు. నేను తాగలేదు. నా సీసా నీళ్లు తాగాను.

అడవి మొదలయ్యాక నేను జ్వరాల సంగతి అడిగాను. యాకూబ్ గొంతు తగ్గించాడు.

“అడవి జరం పోలీసోని లెక్క పెద్దమ్మా. పొద్దుగాల సలికి వణికిస్తది, పొద్దుమీకి పోతది. పాయె పీడ అనుకుంటం. ఒకరోజు విడిచి మల్ల తలుపు కొడ్తది. మా బావమరిది వెదురు లారీ మీద పోయేటోడు. గిట్లనే పోయింది పోయింది అనుకుంటనే పోయిండు.”

“మందు మింగలేదా?”

“మింగుదమనుకుండు. ల్యాబ్ చీటీ రాలేదని ఆగిండు.”

వెనక సీట్లో సరిత కిటికీ వైపు తిరిగింది. కిరణ్ ఒళ్లో పెట్టుకున్న కంప్యూటరు మీద ఏదో కొట్టుకుంటున్నాడు. యాకూబ్ మాట అతనికి వినబడిందో లేదో చెప్పలేను.

భద్రాచలం

వంతెన మీది నుంచి చూస్తే గోదావరి ఎర్రగా, బురదగా, నిండుగా ఉంది. వానలు వెనకబట్టే రోజులు. లాడ్జి గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎవరూ లేని గదిలో ఫ్యాను ఎవరికి? ఆపేశాను. కిరాయి ఆఫీసువాళ్లదే నాయనమ్మా అంటుంది సరిత. ఆఫీసువాళ్ల కరెంటు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడుతుందా?

పొద్దున వాళ్లు వరండాలో నిలబడి ఒక సభ చేస్తారు. కూర్చుంటే మాటలు పొడుగవుతాయని నిలబడే మాట్లాడతారట. హైదరాబాదులో ఉన్నవాళ్లు ఫోనులోంచి పలుకుతారు. ఒక్కొక్కరూ మూడు సంగతులు చెప్పాలి. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, నాకు అడ్డమేముంది. మా దగ్గర నాట్లకు పోయే ఆడవాళ్లు కూడా గట్టు మీద నిలబడి ఇవే మూడూ మాట్లాడుకుంటారు, దానికి పేరు మాత్రం పెట్టలేదు. అయితే మా వాళ్లలో ఒకతి నాకు అడ్డముంది అంటే, పక్కది వంగి ఆ అడ్డం తీస్తుంది. ఇక్కడ కాగితం మీద రాసి గోడకు అంటిస్తారు.

“నాకు ఒక అడ్డం ఉంది,” అంది సరిత ఆ పొద్దున. “జవాబు ముక్క లేదని ఊరోళ్లకు చెప్పాల.”

“చెప్పొద్దు. ట్రైనింగ్‌లో మొత్తం కథ చెప్పాలి. చివరికి ఎలా ఉంటుందో వాళ్లకు తెలియాలి. సగం సగం చెప్తే నమ్మకం పోతుంది,” అన్నాడు కిరణ్. “ఇంకో మూడు రోజులకు ఇదే భద్రాచలంలో పెద్ద ఆఫీసర్ల ముందు డెమో ఉంది. కొత్త ఆలోచనలకు వాళ్లు డబ్బిచ్చే పథకం. అది వస్తే నూరు ఊళ్లు. పోతే ఈ పని ఇక్కడే ఆగిపోతుంది. తెలుసు కదా?”

సరిత తలూపింది. పసుపు కాగితం గోడకు అంటుకుంది.

పర్ణశాల మీదుగా ఇప్పగుంపు

దారిలో పర్ణశాల దగ్గర కాసేపు ఆగాం. వానలకు యాత్రికులు పలచగా ఉన్నారు. ఏటి ఒడ్డున బొమ్మలమ్మే ఆవిడ నా సంచి చూసి, “ఏమమ్మా, కాపురం పెట్టనీకి వచ్చినవా?” అంది. కొబ్బరికాయ ధర మా బజారుకంటే దాదాపు రెట్టింపు చెప్పింది. దండం పెట్టుకుని వచ్చేశాను. దండానికి ధర లేదు.

అక్కడి నుంచి మట్టిదారి. మధ్యలో ఒక వాగు, దాని మీద ఎత్తులేని సిమెంటు కట్ట. వాగు దాటి కొంత దూరం పోతే ఇప్పగుంపు. వెదురు తడికలకు మట్టి మెత్తిన ఇళ్లు. కోయవాళ్ల వాకిళ్లు నా వాకిలికంటే శుభ్రంగా ఉన్నాయి. ఈ మాట రాయడం నాకు అంత సులువు కాదు.

ఆ ఊరి కార్యకర్త సమ్మక్క. ముప్పై ఏళ్లుంటాయి. ఏడో తరగతి చదివింది. మొగుడు వెదురు నరకడానికి కబురందని దూరం పోయాడు. ఇంట్లో ఉన్నది ఆమె, ఆమె అత్త గంగమ్మ. గంగమ్మది నా ఈడే. మిట్టమధ్యాహ్నం ఎండలో మంచం వేసుకుని దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే సంచి వైపు వేలు చూపించింది.

“అక్కా, గంత సంచిల ఏం తెచ్చినవే?”

“బియ్యం, పచ్చడి, చింతపండు.”

“చింతపండా! అడివికి చింతపండు తెచ్చినవా? ఏటికి నీళ్లు మోసినట్టున్నదే నీ తెలివి!” దగ్గు వచ్చేదాకా నవ్వింది. నాకు కోపం రావాలి, రాలేదు. మంచం అంచున కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంటే నిప్పులా కాలుతోంది.

“జరముందే నీకు.”

“వస్తది, పోతది. నాలుగొద్దుల సంది వచ్చిపోతనే ఉన్నది. నిన్న లేదు.”

టీకి పాలు అడిగాను. లేవు అంది. చెట్టు కింద ఆవు, దూడ ఉన్నాయి. పాలు దూడవి, పిండకూడదు అంది. పాలు పిండకుండా ఆవును మేపేవాళ్లను నేను మొదటిసారి చూశాను. నాకైతే నష్టంగానే తోచింది. పెరట్లో మొక్కజొన్న కంకులు గింజ గట్టిపడి వంగుతున్నాయి, ఒక్కటీ తెంపలేదు. ఎందుకంటే, ఏ కొత్త పంటనైనా ఊరి పెద్ద కొత్తలు చేసేదాకా ఎవరూ నోట పెట్టరాదు. కోడిని కోసి, నెత్తురు చల్లి, దేవర్లకు పెట్టాకే తినాలి. ముందే తింటే ఊరికి కీడు. కొత్తలు అయ్యాయంటే ఇక అది మనుషులకు పనికి వచ్చినట్టే, అనుమానం ఉండదు.

చెట్టు కింద అందరినీ కూర్చోబెట్టి కిరణ్ ఫోను చూపించాడు. “జ్వరం ఉన్నవాళ్ల నెత్తురు తీయగానే సమ్మక్క ఆ పలక నెంబరు ఫోనులో కొడుతుంది. వెంటనే పోతుంది. వారానికోసారి వచ్చే మనిషి కోసం చూడాల్సిన పనిలేదు. ల్యాబ్ నుంచి జవాబు ఫోనులోనే వస్తుంది. జవాబు చూసి దానికి తగిన మాత్రలు ఇవ్వాలి. తెలియకుండా ముందే ఇవ్వకూడదు.”

“ఇప్పుడు ఎవరికైనా జ్వరముందా?” అని అడిగాడు.

అందరూ గంగమ్మ వైపు చూశారు. సమ్మక్క అత్త వేలు పొడిచింది. పలక మీద నెత్తురు పూసి ఆరబెట్టింది. ఫోను పట్టుకుని ఊరి పక్కన దిబ్బ ఎక్కింది. సిగ్నలు అక్కడే. మేమందరం వెంట పోయాం. నెంబరు కొట్టింది. కొంచెం ఆగి, మెసేజ్ పోయిందని ఫోను టింగుమంది. పిల్లలు ఎగిరి గంతేశారు.

అప్పుడు ఊరి పెద్ద ముందుకు వచ్చాడు. కొత్త వస్తువు ఊళ్లోకి వచ్చింది, కొత్తలు చెయ్యకుండా వాడరాదు అన్నాడు. ఫోనును చేటలో బియ్యం మీద పెట్టారు. కోడిని తెచ్చారు. ఆయన వాళ్ల మాటలో ఏదో చదివాడు. ఫోను మీద రెండు నెత్తుటి చుక్కలు పడ్డాయి. సమ్మక్క వాటిని కొంగుతో తుడిచి ఫోనును కళ్లకద్దుకుంది.

కిరణ్ ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. “వాడేవాళ్లు ఒప్పుకోవడమంటే ఇదే సరితా! ఇంతకంటే ఏం కావాలి?”

సరిత సమ్మక్కను పక్కకు పిలిచింది. నేను దగ్గరే ఉన్నాను.

“అక్కా, జవాబు జల్దీ రాకపోవచ్చు. ఇంకా కొంచెం పని ఉన్నది.”

“ఎంత ఆలిశమైనా వస్తది గదా?”

సరిత ఒకసారి కిరణ్ వైపు చూసింది. “వస్తది,” అంది.

వచ్చేటప్పుడు గంగమ్మ నా చేతిలో ఎండిన ఉసిరికాయలు పోసింది. “మల్ల రాయే సింతపండక్కా,” అంది. అంతకుముందు ఇలాంటి జ్వరం గట్టిగా ఉంటే ఏం చేసేవాళ్లని అడిగాను. మంచం మీద పడుకోబెట్టి మోసుకుని దవాఖానాకు పోయేవాళ్లట. “ఇగ గా తిప్పలు లేదు,” అంది సమ్మక్క.

లాడ్జిలో ఒక రోజు

మర్నాడు వరండా సభలో సరిత మళ్లీ అడ్డం చెప్పింది. గంగమ్మకు జవాబు ఎట్లా అని.

“మంచి పాయింట్. తర్వాతి స్ప్రింట్‌లో మొదటి పని,” అని కిరణ్ కాగితం రాశాడు.

నేను ఊరుకోలేకపోయాను. “ముసల్దాని జరం గోడకంటిస్తే తగ్గుతదా బాబూ? ఇప్పుడు జీపేసుకొని పోయి ఆమెను దవాఖానాల చూపియ్యరాదా?”

“అమ్మమ్మగారూ, ఒక్కరి కోసం మనం పరుగెత్తితే రేపు నూరు ఊళ్లలో ఎవరు పరుగెత్తుతారు? ఏర్పాటే పరుగెత్తాలి. అదీ మన పని.”

ఆ మాట తప్పు అని చెప్పేంత చదువు నాకు లేదు, ఒప్పు అని తోచనూ లేదు. అతను ఆఫీసర్లను కలవడానికి జీపు తీసుకుని పోయాడు.

సరిత మంచం మీద కంప్యూటరు పెట్టుకుంది. “నాయనమ్మా, నన్ను పలకరియ్యకు. ఆ జవాబు ముక్క ఇయ్యాల్నే చేస్త. ల్యాబ్ మనిషి సెల్లుకు నెంబర్లు పోయేటట్టు చేస్త. ఆయన అవ్ అని కొడ్తె సమ్మక్క ఫోనుకు పోతది. రెండు వారాలు ఎందుకు?”

“బస్సుల పోయి గంగమ్మను తీస్కరారాదు?”

“బస్సు ఆడిదాక పోదు. పోయి రానీకి పొద్దంత పడ్తది. గంతల ఇది చేస్తె, గంగమ్మకే కాదు, అందరికి వస్తది.”

పిల్ల అన్నం కూడా తినలేదు. నేను ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే తెర మీది నుంచి కన్ను తీయకుండా నమిలింది. తెలియనివాళ్లకు అది ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తుంది. నేను మాత్రం పత్తి ఏరేవాళ్ల వేళ్లు కూడా అంత జల్దీ ఆడడం చూడలేదు. ల్యాబ్ మనిషికి ఫోను చేసి నెంబరు తీసుకుంది. ఇట్లా మెసేజ్ వస్తుంది, అట్లా కొట్టాలి అని చెప్పింది. పొద్దు గూకే ముందు సరిత ఫోను టింగుమంది. అవతలి నుంచి ల్యాబాయన ఊరికే కొట్టి చూసిన జవాబు. సరిత మంచం మీద లేచి నిలబడి గంతేసింది, చిన్నప్పుడు బడిలో పలక గెలిచినట్టు.

కిరణ్ తిరిగి వచ్చి చూసి చప్పట్లు కొట్టాడు. “రెండు వారాల పని ఒక్క రోజులో!” రేపు ఊళ్లో చూపిద్దాం, ఎల్లుండి డెమోలో చూపిద్దాం అన్నాడు. ఆ సాయంత్రం ఆ ఇద్దరి మధ్యా జగడం లేదు. వాన మొదలైంది.

మళ్లీ ఇప్పగుంపు

మేము పోయేసరికి వాగు కట్టకు కొంచెం కిందుగా పారుతోంది. యాకూబ్ నీళ్ల వైపు చూసి, “జల్దీ వాపసు రావాలె,” అన్నాడు.

గంగమ్మ మంచం ఇంట్లోకి మారింది. నన్ను చూసి నవ్వబోయింది, పెదాలు కదిలాయి కానీ ముఖం కదలలేదు. కళ్లు పచ్చబడ్డాయి. నిన్న పొద్దటి నుంచి మాట తడబడుతోందని సమ్మక్క చెప్పింది.

“మరి దవాఖానాకు ఎందుకు తీస్కపోలేదే?” అని కసిరాను.

“రానంటున్నదమ్మా. ఫోను మాట రానీ అంటది. పొద్దుగాల, పొద్దుమీకి దిబ్బ ఎక్కి చూసి వస్తున్న. రాలె.”

గంగమ్మ కళ్లు మూసుకునే పలికింది. “కొత్తలు నా నెత్తురు మీద చేసిన్రు. మాట రాకముందే పోతే ఊరికి తప్పు.”

సరిత సమ్మక్క ముందు కూర్చుంది. “జవాబు వచ్చే పని అయిపోయిందక్కా. నిన్న చేసిన. ల్యాబాయనకు గంగమ్మ నెంబరు కూడా పోయింది. ఆయనెందుకు చెప్పలేదో అడుగుత. పలక ఎవరితోని పంపినవు?”

సమ్మక్క ఆమె ముఖంలోకి చూసింది. “ఎవరితోని పంపుడేంది?”

“గాజుపలక అక్కా. ల్యాబ్‌కు.”

“నీ ముందటనే పంపిన గదా. దిబ్బ మీదికెల్లి. టింగుమన్నది. మనిషి కోసం చూడాల్సిన పని లేదని సారే చెప్పె.”

లోపలికి పోయి డబ్బా తెచ్చింది. మూత తీసింది. దూది మీద గంగమ్మ నెత్తుటి పలక భద్రంగా ఉంది. వారానికోసారి వచ్చే మనిషి నిన్ననే వచ్చి పోయాడట. ఇక పలకలు ఇవ్వనక్కరలేదని అతన్ని ఉత్త చేతులతో పంపేసిందట.

సమ్మక్కది తప్పు అని నేను రాయను. మేము ఆమెకు ఫోను ఇచ్చి, పోయింది అని చెప్పాం. పోయినది నెంబరు, నెత్తురు కాదు అని ఎవరూ చెప్పలేదు. కిరణ్ పసుపు కాగితాల మీద ఎన్నో రాశాడు. గాజుపలక ల్యాబ్‌కు ఎట్లా పోతుంది అని ఒక కాగితం రాయలేదు. సరిత కూడా రాయలేదు. ఒక్క రోజులో జవాబు దారి కట్టింది కానీ, జవాబు చెప్పడానికి ల్యాబ్‌లో ఏమీ లేదు.

కిరణ్ డబ్బా మూత పెట్టాడు. “జీపులో ఎక్కించండి,” అన్నాడు. నేను గంగమ్మ చెవి దగ్గర వంగి, “ఫోను మాట వచ్చింది, పొమ్మన్నది,” అన్నాను. నా జన్మలో చెప్పిన అబద్ధాల్లో దానికి మాత్రం నేను దేవుడికి జవాబు చెప్పుకోను. ఆమె సరే అన్నట్టు చెయ్యి ఎత్తింది.

వాగు

మంచంతో సహా గంగమ్మను జీపులోకి చేర్చేసరికి పైన ఎక్కడో కురిసిన వాన వాగులోకి దిగింది. సిమెంటు కట్ట కనబడడం లేదు. దాని మీద ఎర్రనీళ్లు అడ్డంగా ఉరుకుతున్నాయి. యాకూబ్ ఇంజిను ఆపాడు.

“పోనీ,” అన్నాడు కిరణ్.

“పోతె అందరం పోతం సార్.”

కిరణ్ ప్యాంటు మడిచి కట్టెతో నీళ్లలోకి దిగాడు. నడుము దాకా వచ్చాయి. కాలు జారింది. యాకూబ్ చొక్కా పట్టి గుంజాడు. అతని బూటు ఒకటి కొట్టుకుపోయింది. ఒడ్డుకు వచ్చి ఫోను తీశాడు. సిగ్నలు లేదు.

గంగమ్మ తల నా ఒళ్లో ఉంది. వణుకు తగ్గింది. తగ్గింది కదా అని నేను కొంచెం సంతోషపడ్డాను. సమ్మక్క మాత్రం సంతోషపడలేదు, ఆమెకు ఈ జ్వరం తెలుసు. గంగమ్మ ఒకసారి కళ్లు తెరిచి నన్ను చూసింది. తెలిసినట్టే చూసింది. ఏదో కోయమాటలో అడిగింది. సమ్మక్క జవాబిచ్చింది. ఏమడిగిందని నేను తర్వాత అడిగాను. ఆవును తోలుకొచ్చిన్రా అని అడిగిందట.

వాగు తగ్గకముందే గంగమ్మ పోయింది. ఇంకా వెలుతురు ఉంది. సమ్మక్క ఏడవలేదు. అత్త నోరు మూసి, దవడ చుట్టూ తన కొంగు చింపి కట్టింది. సరిత జీపు చక్రం పక్కన మట్టిలో కూర్చుని ఉంది. నేను దాని తల నిమరలేదు. నా చేతులు ఖాళీ లేవు, ఉన్నా నిమిరేదాన్ని కాదేమో.

“నేను చెప్పి ఉండాల్సింది,” అన్నాడు కిరణ్, ఎవరితోనూ కాదు.

“అవ్,” అంది సరిత. “నేను గూడ.”

యాకూబ్ జీపు వెనక్కి తిప్పాడు.

మర్నాడు పొద్దున

వాగు దిగింది. కట్ట బురదతో తేలింది. ఊళ్లో మగవాళ్లు వెదురు నరికి పాడె కడుతున్నారు. భద్రాచలంలో ఆ రోజే డెమో. కిరణ్ ఒక కాలికి బూటుతో, ఒక కాలికి ఎవరో ఇచ్చిన చెప్పుతో జీపు దగ్గర నిలబడ్డాడు.

సమ్మక్క డబ్బా పట్టుకుని వచ్చింది. ఊళ్లో ఇంకో ఇద్దరికి జ్వరం. ఒక మొగుడు, ఒక పెండ్లాం. తెల్లవారగానే వాళ్ల వేళ్లు పొడిచింది. రెండు పలకలు దూదిలో చుట్టి సరిత చేతిలో పెట్టింది. ఫోను తీయలేదు. దిబ్బ ఎక్కలేదు.

“సరితా, డెమో,” అన్నాడు కిరణ్ మెల్లగా.

“మీరు రోడ్డు దాక జీపుల రండి సార్. ఆడికెల్లి బస్సు దొరుకుతది. నేను ల్యాబ్‌కు పోతున్న.”

అతను రోడ్డు దగ్గర దిగాడు. కంప్యూటరు సంచి తనే పట్టుకున్నాడు. డెమో ఎట్లా జరిగిందో, అసలు జరిగిందో లేదో నేను అడగలేదు.

ల్యాబ్ మనిషి పలకలకు రంగు వేసి అద్దంలో పెట్టి చూశాడు. పెండ్లానికి ఉంది, మొగుడికి లేదు. మాత్రలు పొట్లం కట్టి, ఏది ఎప్పుడు మింగాలో చెప్పాడు. సరిత రెండుసార్లు చెప్పించుకుంది. యాకూబ్ ఎక్కడా ఆపకుండా తెచ్చాడు.

మేము వచ్చేసరికి గంగమ్మను పాడె మీదికి ఎక్కించారు. సమ్మక్క వాళ్లను ఆగమంది. జ్వరమున్న ఆ మొగుడూ పెండ్లాల ఇంటికి పోయి, మంచం మీది పెండ్లాన్ని లేపి కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్లిచ్చి మాత్ర మింగించింది. నోరు తెరిపించి చూసింది. ఖాళీ గ్లాసు బోర్లించి బయటికి వచ్చి, పాడె ఎత్తమంది.